ఉడుత ఫోటోకు చిక్కిన కథ

తెల్లవారి పెరటి తలుపు తీయగానే మొదట కాకి, ఆ వెనుక ఉడుత మనలను పలకరిస్తాయి. గుడివాడలోనైనా, బందరులోనైనా, దివిసీమలో ఏ లంక ఊళ్ళోనైనా ఈ వరుస మారదు. మనం పెంచకుండానే మన ఇంటి చూరు మీద కాపురం పెట్టిన జంతువు ఉడుత. సేతుబంధనంలో ఇసుక మోసి రాముని చేత వీపు నిమిరించుకున్న ఉడుత కథ వాల్మీకంలో లేదు. గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధమైన మన రంగనాథ రామాయణంలో ఉన్నది. చేతనైన చిన్న సాయాన్ని ఉడుతాభక్తి అనడం తెలుగువారికి అలవాటు. ఉడుత వీపు మీది మూడు చారలు రాముని మూడు వేళ్ళ గుర్తులని పిల్లలకు చెబుతాము. ఉత్తర హిందూస్థానంలో విరివిగా తిరిగే ఉడుతకు అయిదు చారలున్నాయి. అక్కడ రాముడు అయిదు వేళ్ళతోనూ నిమిరాడు కాబోలు!

ఈ చారల సంగతికి మళ్ళీ వద్దాం. ముందు ఒక ప్రశ్న వేసుకుందాం. ఇంత దగ్గరగా, ఇంత విరివిగా, పట్టపగలే తిరిగే ఈ ప్రాణి ఫోటోకు చిక్కడానికి ఎంతకాలం పట్టింది? ఛాయాగ్రహణం పుట్టిన తరువాత దాదాపు నలభై సంవత్సరాలదాకా, పరుగెత్తే ఉడుతను స్పష్టంగా పట్టగల ఫలకం లోకంలో లేదు. ఆ నలభై ఏళ్ళూ, ఆ తరువాత మరి కొంతకాలమూ ఉడుతను గురించిన శాస్త్రమంతా చచ్చిన ఉడుతను చూసి రాసిందే. బతికిన ఉడుత శాస్త్రంలోకి రావడానికి ఛాయాగ్రహణం వేగం పుంజుకోవలసి వచ్చింది.

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరంలో డాగేర్ కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడించారు. వెండి పూత గల రాగిరేకును అయొడిన్ ఆవిరికి పట్టి, కెమేరాలో పెట్టి, వెలుతురు సోకనిచ్చి, పాదరసపు ఆవిరితో బొమ్మను బయటికి రప్పించేవారు. వెలుతురు సోకడానికి మంచి ఎండలోనైనా కొన్ని నిమిషాలు కావాలి. అంతకు ముందు ఏడు, అంటే 1838లో, డాగేర్ పారిస్‌లోని ఒక పెద్ద వీధిని మేడ మీదినుంచి తీశాడు. బళ్ళతో, జనంతో కిటకిటలాడే ఆ వీధి చిత్రంలో నిర్మానుష్యంగా ఉంటుంది. ఒక మూల మాత్రం, బూట్లు తుడిపించుకొనడానికి ఒంటికాలు ఎత్తి నిలబడిన మనిషి ఆకారం మిగిలింది. కదిలినవారంతా మాయమయినారు, కదలనివాడు దక్కాడు.

ఉడుత విషయంలో లెక్క కట్టి చూద్దాం. మన ఉడుత తల, మొండెం కలిసి సుమారు పదమూడు నుండి పదిహేను సెంటీమీటర్ల పొడవు. తోక ఇంచుమించు అంతే. అది కొమ్మ మీద సెకనుకు మూడు మీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. షట్టరు సెకనులో యాభయ్యో వంతు తెరిచి ఉంటే, ఆ వ్యవధిలో ఉడుత ఆరు సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే ఒంటి పొడవులో దాదాపు సగం. చారలు, కాళ్ళు, మీసాలు అన్నీ కలిసిపోయి బూడిదరంగు మరక మిగులుతుంది. సెకనులో వెయ్యో వంతు అయితే జరిగేది మూడు మిల్లీమీటర్లు. ఫిల్ము మీద బొమ్మ అసలులో ఇరవయ్యో వంతు పరిమాణంలో పడితే ఆ చెదురు మిల్లీమీటరులో ఆరో వంతు కన్న తక్కువే, కంటికి ఆనదు. కనుక ఉడుత కథ అంతా నిమిషాలలోనుంచి సెకనులో వెయ్యో వంతుకు దిగివచ్చిన కథే.

ఆ నిమిషాల కాలంలో మన కృష్ణాతీరంలో కెమేరాకు ఏమి దొరికింది? రాయి దొరికింది. 1845లో వాల్టర్ ఎలియట్ అనే దొర అమరావతి దిబ్బను తవ్వించి శిల్పాలను వెలికి తీయించాడు. అవి మద్రాసుకు చేరాయి. 1858లో మద్రాసు ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడు కెప్టెన్ ట్రైప్ వాటిని ఫోటోలు తీశాడు. ఆ మరుసటి ఏడు శిల్పాలలో పెద్ద భాగం ఓడనెక్కి లండన్‌కు పోయింది. ఈ ట్రైప్ ఇంటిపేరు కాక అసలు పేరు లిన్నేయస్. జీవులకు రెండేసి మాటల పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుని పేరే తల్లిదండ్రులు పెట్టుకున్నారు. మన ఉడుతకు 1766లో శాస్త్రీయనామం పెట్టినవాడు ఆ మొదటి లిన్నేయసే. పేరు కలిసింది గాని, రెండవ లిన్నేయస్ కెమేరాకు ఉడుతలు ఒదగవు. ఆనాటి పనికి కోవెల గోపురాలు, కోట గోడలు, శిల్పాలు తగినవి. శతాబ్దాల తరబడి కదలకుండా ఉన్నవి ఇంకొన్ని నిమిషాలు కదలకుండా ఉండలేవా?

ఎలియట్ శిల్పాల మనిషి మాత్రమే కాదు. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్నాడు. బందరు కూడా ఆ ఏలుబడిలోనిదే. దక్షిణ మరాఠా ప్రాంతపు క్షీరదాల జాబితాను 1839లోనే మద్రాసులోని ఒక శాస్త్రపత్రికలో అచ్చు వేయించాడు. చిత్రమేమంటే అదే సంవత్సరం పారిస్‌లో ఫోటో పుట్టింది. ఎలియట్ పేరున ఒక జంతువు కూడా ఉన్నది. కడప, నెల్లూరుల నడుమ కొండలలో దొరికిన ఆ ప్రాణిని 1850లో వాటర్‌హౌస్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. చూపులకు అది అచ్చం ఉడుతే. చెట్టెక్కుతుంది, కుచ్చుతోక ఉన్నది. కాని అది ఉడుతల కుటుంబంలోనిది కాదు. మూతి సూదిగా ఉంటుంది, పళ్ళ అమరిక పూర్తిగా వేరు. ఉడుతకు ఉండే ఉలి వంటి ముందుపళ్ళు దానికి లేవు. 1913లో లయన్ అనే అమెరికన్ దాని ప్రజాతికి అనథానా అని పేరు పెట్టాడు. తమిళులు దానిని వెదురు ఉడుత అనే అర్థంలో 'మూంగిల్ అణత్తాన్' అంటారు. ఆ రెండవ మాటే శాస్త్రంలోకి వెళ్ళింది. శాస్త్రం ఉడుత కాదని తేల్చిన జంతువు శాస్త్రీయనామంలో ఉడుతగానే మిగిలిపోయింది!

ఈ ఉదాహరణ ఎందుకు చెప్పానంటే, తుపాకి పట్టిన జంతుశాస్త్రజ్ఞుణ్ణి ఇప్పుడు మనం సులభంగా తప్పు పడతాము. ఆ తప్పు పట్టడంలో కొంత తొందరపాటు ఉన్నది. పుర్రెను చేతిలోకి తీసుకోకుండా, పళ్ళు లెక్కపెట్టకుండా ఈ రెంటి తేడా తేలదు. జెర్డన్ అనే సైనిక వైద్యుడు నెల్లూరులో ఉండి పక్షులను, జంతువులను ఏళ్ళ తరబడి సేకరించాడు. 1867లో భారతదేశపు క్షీరదాల మీద గ్రంథం ప్రకటించాడు. అందులో దేశభాషల పేర్లు కూడా చేర్చాడు. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం 1911 నుండి 1923 దాకా దేశమంతటా క్షీరదాల సర్వే నడిపింది. 1929-30లో వెర్నే అనే దాత సాయంతో తూర్పు కనుమలలో మరొక సర్వే జరిగింది. వీటన్నిటిలోనూ పద్ధతి ఒక్కటే. కాల్చాలి, చర్మం ఒలవాలి, దూది కూరాలి, కాలికి చీటీ కట్టాలి. ఆ చీటీ మీద ఊరు, తేదీ, కొలతలు ఉండేవి. ఆ చీటీయే ఆ చర్మానికి ప్రాణం.

మూడు చారల ఉడుత వేరు, అయిదు చారల ఉడుత వేరు అని తేలింది కూడా చర్మాలను పక్కపక్కన పరిచి చూసినందువల్లనే. 1905లో రాటన్ అనే ఆయన అయిదు చారలదానికి పెన్నంటి అని వేరే జాతినామం ఇచ్చాడు. మన కోస్తాలో తోటలలో తిరిగేది మూడు చారలది. అయిదు చారలదానికి మధ్యనున్న మూడు కాక ఇరుపక్కలా ఇంకొక్కొక్క సన్నని, వెలసిన చార ఉంటుంది. ఈ రెండూ కలిసే ప్రజాతికి లెస్సన్ అనే ఫ్రెంచివాడు 1835లో ఫునాంబులస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో దాని అర్థం తాడు మీద నడిచేవాడు. కరెంటు తీగ మీద ఉడుత పోతుంటే చూసినవారికి ఈ పేరు విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంతకూ చర్మం చెప్పలేనిది ఏమిటి? ఒక్క సంగతి చెబుతాను. ఉడుత తాటిమాను మీదినుంచి తలకిందులుగా దిగుతుంది. పిల్లి అలా దిగలేదు. వెనక్కి వెనక్కి జారుతూ దిగుతుంది. ఉడుత దిగేటప్పుడు వెనుక కాళ్ళ చీలమండలు తిరిగి, పాదాలు వెనక్కి చూస్తాయి. గోళ్ళు మానుకు పైనుంచి తగులుకొని శరీరభారాన్ని వేలాడదీస్తాయి. పెట్టెలో పడుకోబెట్టిన చర్మంలో వెనుక కాళ్ళు చాచి కట్టి ఉంటాయి. అందులో ఈ విద్య జాడ కూడా ఉండదు. అట్లాగే ఉడుత అరిచేటప్పుడు ప్రతి అరుపుకూ తోక ఎగరడం, కాయను రెండు చేతులా పట్టుకొని తిప్పుతూ కొరకడం, మనిషి కనబడగానే మానుకు అవతలి పక్కకు తప్పుకొని ఒక కన్ను మాత్రం ఇవతలికి పెట్టి చూడడం, ఇవన్నీ ప్రాణంతో పోయే సంగతులు. వీటిని కంటితో చూసి రాయవచ్చును గాని, కన్ను కూడా అంత వేగంగా చూడలేదు.

ఫలకాల వేగం పెరిగిన కథలో నడిమి మజిలీలను త్వరగా దాటుదాం. 1851లో ఆర్చర్ ప్రవేశపెట్టిన తడి కొలోడియన్ ఫలకాలు వేగమైనవే గాని, తడి ఆరేలోగా ఫోటో తీసి అక్కడే కడగాలి. దానికి గుడారం, సీసాలు, నీళ్ళ బిందెలు వెంట మోయాలి. మన వేసవిలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? 1871లో మాడక్స్ అనే వైద్యుడు జిలటిన్‌తో పొడి ఫలకం తయారు చేసే దారి చూపాడు. 1878 నాటికి దానిని బాగుచేసి సెకనులో చిన్న భాగానికి తెచ్చారు. అదే 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ పన్నెండు కెమేరాలు వరుసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టి, పరుగెత్తే గుర్రం చేత తన ఫోటో తానే తీయించాడు. ఈ దారపు యుక్తిని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1882లో మారే అనే ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఒక తుపాకి చేయించాడు. భుజానికి ఆనించి, గురి చూసి, మీట నొక్కితే గుండుకు బదులు సెకనుకు పన్నెండు చిత్రాలు వస్తాయి. ఒక్కొక్క చిత్రానికి పట్టేది సెకనులో ఏడువందల ఇరవయ్యో వంతు. ఎగిరే పక్షి చచ్చిపోకుండా శాస్త్రజ్ఞునికి దొరికింది.

వేగం వచ్చింది గాని, దగ్గరికి పోవడం ఎట్లా? ఈ సమస్య రసాయనశాస్త్రానిది కాదు. ఇంగ్లాండులో యార్క్‌షైర్ పల్లెటూరి అన్నదమ్ములు రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ 1892లో ఒక పక్షిగూటిని ఫోటో తీసి ఈ పనికి దిగారు. బోలు ఎద్దు బొమ్మ ఒకటి చేయించి, దాని కడుపులో దూరి గంటల తరబడి నిలబడి పక్షులను తీశారు. 1895లో వారి గూళ్ళ పుస్తకం పూర్తిగా ఫోటోలతో వెలువడింది. అమెరికాలో జార్జ్ షిరాస్ అనే ఆయన రాత్రివేళ పడవలో పోతూ మెరుపుపొడి వెలిగించి లేళ్ళను తీశాడు. ఆయన తీసిన డెబ్బయినాలుగు చిత్రాలను నేషనల్ జియొగ్రాఫిక్ పత్రిక 1906 జూలైలో ప్రకటించింది. మన దేశంలో సంయుక్త పరగణాల అటవీ అధికారి ఛాంపియన్, పులి నడిచే దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే కెమేరా, మెరుపు ఒకేసారి పేలేటట్లు అమర్చాడు. 1927లో ఆయన పుస్తకం వచ్చింది. మైబ్రిడ్జ్ దారమే హిమాలయపు పాదాల అడవికి వచ్చిందన్నమాట.

పులులు, లేళ్ళు వచ్చాయి సరే, ఉడుత మాట? ఉడుత చిన్నది, పగటి జంతువు, చెట్టు నీడలో తిరిగేది. ఆనాటి ఫలకాలతో దానికి ఇంకొక చిక్కు ఉన్నది. మొదటి ఫలకాలకు నీలిరంగు తప్ప తక్కిన రంగులు సరిగా తెలియవు. ఆకుపచ్చ, గోధుమరంగు, ఎరుపు దాదాపు నల్లగా పడేవి. ఆకుల నడుమ కూర్చున్న గోధుమవన్నె ఉడుత నలుపులో నలుపుగా పోతుంది. వీపు మీది చారలు మాత్రం తెల్లని గీతలుగా తేలతాయి. 1873లో వోగెల్ అనే జర్మన్ రసాయనవేత్త ఫలకంలో రంగు కలిపితే ఇతర కాంతులు కూడా పనిచేస్తాయని కనుగొన్నాడు. అన్ని రంగులూ తెలిసిన ఫలకాలు 1906 నాటికి అమ్మకానికి వచ్చాయి. 1925లో చేతిలో ఇమిడే లైకా కెమేరా, 1931 ప్రాంతంలో ఎడ్జెర్టన్ తయారు చేసిన విద్యున్మెరుపు వచ్చాక ఉడుతకు తప్పించుకునే దారులు మూసుకుపోయాయి.

దక్షిణాదిలో ఈ పనిని జీవితంగా చేసుకున్నవాడు మద్రాసువాసి ఎం. కృష్ణన్. 1912లో పుట్టి 1996లో పోయాడు. 1950 నుండి చివరిదాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి మీద వ్యాసాలు రాశాడు. తునకలు తునకలుగా కూర్చుకున్న బరువైన కెమేరాతో నలుపు తెలుపులలోనే ఫోటోలు తీశాడు. జవహర్‌లాల్ నెహ్రూ పేరిటి పరిశోధన వేతనం మీద దక్షిణాపథపు పెద్ద క్షీరదాలను పరిశీలించి రాసిన గ్రంథం 1975లో వచ్చింది. ఏనుగుకు ఇచ్చిన శ్రద్ధ ఇంటి గోడ మీది కాకికి, బల్లికి కూడా ఇవ్వడం ఆయన గొప్పదనమని నా అభిప్రాయం.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. దిగువ కృష్ణా డెల్టాలో అడవి అని చెప్పుకోదగినది సముద్రపు అంచున మడ అడవి ఒక్కటే. తక్కినదంతా వరి. వరి మధ్య ఊళ్ళు, ఊళ్ళ చుట్టూ తోపులు. మామిడితోపు, కొబ్బరితోట, చేలగట్ల మీద తాళ్ళు, చెరువుగట్టు మీద చింత, రావి. ఉడుతకు ఇవే అడవులు. నల్లమలలోనూ, పాపికొండలలోనూ తిరిగే బెట్టుడుత మన డెల్టాలో లేదు. దానికి పైన కొమ్మకు కొమ్మ తగిలే అడవి కావాలి. మన చిన్న ఉడుతకు అంత పట్టింపు లేదు. కొమ్మ తెగినచోట నేల మీద పరుగెత్తి అవతలి చెట్టు ఎక్కుతుంది.

తోపులో ఉడుతను తీయడానికి పొద్దున తొమ్మిదిలోపు మంచిది. ఆ తరువాత ఎండ నిట్టనిలువుగా దిగి, ఆకుల సందులనుంచి నాణేల వంటి వెలుగుమచ్చలు పడతాయి. అందులో ఉడుత వీపు సగం తెల్లగా, సగం నల్లగా వస్తుంది. చారలేవో ఎండమచ్చలేవో చెప్పలేము. వాలుగా పడే పొద్దుటి వెలుగులో బొచ్చు విడివిడిగా కనిపిస్తుంది. ఇంకొక సంగతి, ఉడుతను తరమకూడదు. అది వాడుకగా దిగే మాను ఒకటి చూసుకొని, పది పన్నెండు అడుగుల దూరంలో కూర్చోవాలి. మొదటి పావుగంట అది అరుస్తుంది. ఊళ్ళోని ఉడుతలన్నీ మన రాకను తెలుసుకుంటాయి. తరువాత మరచిపోతుంది. గింజలు చల్లి రప్పించేవారున్నారు. బొమ్మ వస్తుంది గాని, అది ఉడుత ఏమి తింటుందో చెప్పే బొమ్మ కాదు, మనమేమి పెట్టామో చెప్పే బొమ్మ. గూటి దగ్గర మాత్రం ఎవరూ కూర్చోకూడదు. పీచుతో, గడ్డితో, దూదితో కట్టిన ఆ గూటికి తల్లి రాకపోతే లోపలి పిల్లలు బతకవు.

దివిసీమలో ఇట్లా కూర్చున్నప్పుడు నాకు 1977 గుర్తుకు రాకమానదు. ఆ నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వేలాది మనుషులు పోయారు. చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. మనుషుల లెక్కే తేలని ఆ రోజులలో ఉడుతల లెక్క ఎవరికి కావాలి? అది అడగడమే తప్పు. అయినా, తోపులు పోయిన ఊరికి ఉడుత మళ్ళీ ఎప్పుడు వచ్చింది, ఏ వైపునుంచి వచ్చింది అన్నది ప్రాణిశాస్త్రంలో చిన్న ప్రశ్న కాదు. చర్మపు కాలికి కట్టిన చీటీ వంటిది, అంటే ఊరు, తేదీ గల ఫోటో, ముందొకటీ వెనుకొకటీ ఉంటేనే అటువంటి ప్రశ్నకు జవాబు వస్తుంది. ఉప్పెన లేకుండా కూడా తోపులు పోతున్నాయి. గత కొన్ని దశాబ్దాలలో గుడివాడ, బందరు చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు విస్తరించాయి. చెరువు తవ్వినచోట పాత చేలగట్టూ, దాని మీది తాళ్ళూ ఉండవు.

డెల్టా అంచున కృష్ణా అభయారణ్యంలో, సొర్లగొంది, నాచుగుంట వంటి చోట్ల మడచెట్ల మధ్య బావురుపిల్లి ఉన్నది. చేపలు పట్టి తినే పిల్లి అది, రాత్రిపూట తిరుగుతుంది. దానిని వెదకడానికి చెట్లకు కట్టే కెమేరాలను వాడారు. వీటికి దారం లేదు, తీగ లేదు. జంతువు శరీరపు వేడినుంచి వచ్చే పరారుణ కిరణాలలో హఠాత్తుగా మార్పు కలిగితే పరికరం పసిగట్టి ఫోటో తీస్తుంది. మూలన తేదీ, వేళ అచ్చు వేస్తుంది. మైబ్రిడ్జ్ దారం, ఛాంపియన్ తీగ ఇప్పుడు కంటికి కనబడని కిరణమయినాయి. పిల్లికి ఇది బాగా పనికివచ్చింది. ఉడుతకు అంత బాగా పనికిరాదు. ఒళ్ళు చిన్నది, వేడి కొంచెం, పైగా మధ్యాహ్నం వేళ ఎండకు కాగిన మాను కూడా ఇంచుమించు ఉడుతంత వేడిగానే ఉంటుంది. పరికరం పోల్చుకొనే లోపల ఉడుత పైకొమ్మ మీద ఉంటుంది.

కనుక ఉడుత దగ్గర మనిషి కూర్చోవలసిందే. ఈనాటి సాధారణమైన కెమేరాలో సెకనులో నాలుగువేలో వంతు షట్టరు ఉన్నది. జేబులోని ఫోను కూడా ఫోటోతోపాటు తేదీని, చోటును రాసి పెడుతుంది. ఎలియట్, జెర్డన్‌ల కాలంలో చీటీ మీద చేతితో రాసినదంతా దానంతట అదే నమోదవుతున్నది. కాని ఎక్కువ ఫోటోలలో ఉడుత మన వైపు తిరిగి కాయ తింటుంటుంది. ముద్దుగా ఉంటుంది, చారలు కనబడవు. అది మూడు చారలదా, అయిదు చారలదా అన్నది తేలాలంటే వీపూ పక్కా కలిసి పడాలి. కోస్తాలో మూడు చారలదే ఉంటుందనే నమ్మకంతో మనం చూడడం మానివేశాము. నేను నాగాయలంక దారిలో ఒక తాటిమాను దగ్గర తీసిన ఫోటోలలో పాదాలు వెనక్కి తిరిగిన ఉడుత ఒకటి చక్కగా పడింది. వీపు మీద మూడు చారలు ఉన్నాయి. డొక్క మీద, నాలుగవ చార ఉండవలసిన చోట, సరిగ్గా తాటిమట్ట నీడ పడింది. ఆ మాను దగ్గరికి మళ్ళీ పొద్దున్నే పోవాలి.